సంతుష్టి

సంతుష్టి యనగా, లభించినదానియందు తృప్తి గలిగి, లేనిదానికై మనస్సును పరితపింపనీయక, నిత్యజీవనమున చిరకాలము నిలుచు సుఖమును సాధించెడి చిత్తవృత్తి. పతంజలి యోగసూత్రముల సాధనపాదమున శౌచము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానములతో పాటు ఇది సంతోష మను పేర పంచనియమములలో నొకటిగా పరిగణింపబడి, అత్యుత్తమసుఖమునకు హేతువుగా చెప్పబడినది. కోరిన వస్తువు చేతికందిన పిమ్మట దానివలని యానందము క్రమముగా క్షీణించి, మనస్సు పూర్వస్థితికే మరలునను భావమును 1971లో బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అను అమెరికా మనస్తత్త్వవేత్తలు శాస్త్రపరిభాషలో ప్రతిపాదించిరి.

ఇట్టి చిత్తవృత్తి లోకాచారములందును కానవచ్చును. తమిళనాడు కృష్ణగిరి జిల్లాయందలి బేరిగై, హోసూరు ప్రాంతములు తెలుగు, కన్నడ, తమిళములు మూడును వినవచ్చు సీమ. ఇచ్చటి తెలుగు గృహములందు ఉగాదినాడు వేపపువ్వును బెల్లముతో కలిపి భుజించుట, రాబోవు సంవత్సరమున సుఖదుఃఖములను సమభావమున స్వీకరించుటకు సంకేతము. సూత్రభాష్యముల నెరుగని గృహస్థునకు సైతము ఈ భావము ఏటేట నాలుకమీదనే అందుచుండుట విశేషముగా గమనింపదగినది.

ఇట్టి సుఖచింతన అంతర్జాతీయస్థాయియందును కలదు; ఐక్యరాజ్యసమితి 2012లో, మార్చి 20వ తేదీని అంతర్జాతీయ ఆనంద దినముగా ప్రకటించినది. ప్రపంచ ఆనంద నివేదికలందు ప్రజలు, 0 మొదలు 10 వరకు గల సోపానములపై తమ జీవితమునకు తగు స్థానమును తామే నిర్ణయింతురు.