ఏకత్వబోధ మెఱుపా, వేకువయా?

సర్వప్రాణులయందును ఉన్నది ఒక్కటే యను ఎఱుక మనుష్యునకు ఒక్క క్షణమున కలుగునా, లేక ఏండ్లకొలది సాధనచే కొంచెము కొంచెముగా పెరుగునా? ఈ ప్రశ్న పండితగోష్ఠులలో పుట్టినదే గాని మన ఇండ్ల వంటయింటి గడపవఱకును వచ్చి నిలిచియున్నదని మా నమ్మకము.

మా తాతగారు ఆత్మకూరు దాపున నొక పల్లెలో సాయంకాలములందు పంచదశి పాఠము చెప్పెడివారు. మేము పసితనమున అరుగుమీద కూర్చుండి వినెడివారము. పాఠము ముగియు వేళకు పొలము పనివాడు దప్పికగొని వచ్చినచో మా అవ్వ ఎత్తునుండి అతని దోసిట నీరు పోసెడిది. చెంబు అతని చేతికి తగులరాదు. అంతయు బ్రహ్మమేయని అప్పుడే వినియుండిన మాకిది వింతగా తోచి తాతగారి నడిగితిమి. “అది ఎఱుక, ఇది ఆచారము. ఎఱుక పండిననాడు ఆచారము తానే రాలిపోవును” అని వారు చెప్పిరి. ఆ పండుట ఎప్పుడని అడుగుటకు మాకు వయసు చాలలేదు.

ఉదయగిరి యనగానే శ్రీకృష్ణదేవరాయలు 1513–14 సంవత్సరములలో గజపతుల దుర్గమును ముట్టడించి, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయిన కథ జ్ఞప్తికి వచ్చును. మేము చెప్పదలచినది అంతకు నూటయేబది యేండ్లకు పూర్వపు మాట. విజయనగర రాజ్యము తలయెత్తిన తొలిదినములలో మొదటి హరిహరరాయల తమ్ముడు కంపరాజు ఉదయగిరి సీమను పాలించెను. అతని మంత్రి సాయణాచార్యులు. తరువాత వేదభాష్యములచే లోకమునకు పరిచితుడైన సాయణుడితడే. కంపరాజు గతించునప్పటికి అతని కుమారుడు రెండవ సంగముడు పసివాడు. ఆ బాలునకు చదువు చెప్పుచు, అతని పేర రాజ్యభారమును మోసినవాడు సాయణుడు. ఆ సంగముని బిట్రగుంట శాసనము 1356 నాటిది. సాయణుని యన్న మాధవాచార్యులే పిదప విద్యారణ్యస్వాములైరని సంప్రదాయము చెప్పును. వారును వీరును వేఱని వాదించు చరిత్రకారులును గలరు. ఆ తగవు ఇప్పుడు మనకక్కఱలేదు.

విద్యారణ్యుల నాటికే మన ప్రశ్న మిక్కిలి పాతది. మహావాక్యమును అర్హుడు వినినంతనే జ్ఞానము కలుగును, మఱి చేయవలసినది లేదని సురేశ్వరాచార్యుల పక్షము. వినుటవలన కలుగునది పరోక్షమే. ధ్యానాభ్యాసము వలననే అది సాక్షాత్కారమగునని మండనమిశ్రుని పక్షము. వరాహోపనిషత్తు ఈ రెంటికిని శుకమార్గమనియు వామదేవమార్గమనియు పేరులిడి, మొదటిదానిని పక్షితోను రెండవదానిని చీమతోను పోల్చినది. పక్షి కొనకొమ్మనున్న పండుపై ఒక్క యెగురున వ్రాలును. చీమ మొదటినుండి ప్రాకి పోవలెను. మన దేశముననే కాదు, ఎనిమిదవ శతాబ్దపు తుదిని టిబెట్టులోని సమ్యే విహారమున భారతీయుడగు కమలశీలుడు క్రమమార్గమును, ఒక చీనా భిక్షువు ఆకస్మికబోధను సమర్థించి రాజసమక్షమున వాదించిరని టిబెట్టు గ్రంథములు చెప్పుచున్నవి.

విద్యారణ్యుల జీవన్ముక్తివివేకము ఈ తగవును తీర్చిన తీరు మాకు ప్రియమైనది. వారు యాజ్ఞవల్క్యుని ఉదాహరణముగా గైకొనిరి. జనకుని సభలో వాదమింకను మొదలిడకమునుపే వేయి గోవులను తోలించుకొనిపోయిన యాజ్ఞవల్క్యుడు, తనతో పంతగించిన శాకల్యుని తల తెగిపడునట్లు పలికిన యాజ్ఞవల్క్యుడు, బ్రహ్మజ్ఞాని కాడా? జ్ఞానియే యని విద్యారణ్యులు ఒప్పుకొందురు. కాని విద్యామదము, ధనమదము, గెలువవలెనను కోరిక అతనిలో మిగిలియున్నవి. అందుచేతనే చిత్తవిశ్రాంతికై అతడు పిదప అన్నియు విడిచిపోయెనందురు. కావున తత్త్వజ్ఞానముతో పాటు వాసనాక్షయము, మనోనాశము అను రెంటిని కలిపి అభ్యసింపవలెనని వారి నిర్ణయము. మెఱుపు వారికి అబద్ధము కాదు. అయితే మెఱుపు వెలుగున ఇల్లు ఊడ్చుకొనుట సాధ్యము కాదు గదా. మంత్రాంగము నడపి, మనుష్యుల మాటకును నడతకును గల దూరమును దినదినము చూచిన వారి నడుమ ఇట్టి విచారము పుట్టుట మాకు ఆశ్చర్యము గొలుపదు.

ఇదే ప్రశ్నను మఱియొక పరిభాషలో అడిగిన సంప్రదాయము కూడ ఈ సీమలో వేళ్లూనినది. ఉదయగిరి కొండపై గుడుల శిథిలములును మసీదులును ఒకే దుర్గమున నున్నవి. ఆత్మకూరునకు చేరువనున్న అనుమసముద్రంపేటలో పదునెనిమిదవ శతాబ్దపు సూఫీ గురువు ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ వారి దర్గా గలదు. అచ్చటికి మహమ్మదీయులెందఱో హిందువులును అందఱు వత్తురు. సూఫీలు దైవముచే ఒక్కసారిగా లాగబడినవానిని మజ్జూబ్ అనియు, మెట్టు మెట్టుగా నడచువానిని సాలిక్ అనియు పిలుతురు. 1234లో గతించిన బాగ్దాదు గురువు షిహాబుద్దీన్ సుహ్రవర్దీ ఈ విషయమున చేసిన విభాగము గమనింపదగినది. కేవలము లాగబడినవాడు ఇతరులకు దారి చూపజాలడు. మొదట లాగబడి, పిదప దిగివచ్చి దారి పొడుగునను నడచినవాడే గురుపీఠమునకు మిక్కిలి తగినవాడు. విద్యారణ్యులును ఈయనయు ఒకరి నొకరెఱుంగరు. మాట మాత్రము ఒక్కటే.

గ్రంథములు చాలును, మనుష్యులను చూతము. ఆత్మకూరు ప్రాంతముననే చేజర్ల వైపునున్న నాగులవెల్లటూరులో నొక సేద్యగాండ్ర కుటుంబమున పుట్టిన వెంకయ్య అను యువకుడు ఉన్నట్లుండి ఇల్లు మఱచి తిరుగనారంభించెను. ఊరివారు పిచ్చి వెంకయ్య యనిరి. ఆ మాటలో క్రౌర్యముకంటె నిస్సహాయతయే యెక్కువ. ఏరు దాటి పోయిన కొడుకు కొఱకు వాకిట నిలిచిన తల్లికి అది బ్రహ్మానుభవమో వ్యాధియో చెప్పగలవారెవరు? అనుమసముద్రంపేట దర్గాకు మతిస్థిమితము తప్పినవారిని బంధువులు తోడ్కొనివచ్చి నిద్రచేయింతురు. అక్కడికి కొలది దూరముననే పుట్టిన ఇతనిని జనులు స్వామియని కొలిచిరి. ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నుంచి ఆలోచింపక, పిచ్చియెల్ల జ్ఞానమనుటయు, జ్ఞానమెల్ల పిచ్చియనుటయు తొందరపాటే. వెంకయ్యస్వామి గొలగమూడిలో ధుని వెలిగించుకొని, వచ్చినవారికి వేలిముద్రల చీటీలిచ్చుచు, 1982 ఆగస్టు 24వ తేదీని దేహము చాలించిరి. ఆయనను మాకు నమ్మదగినవానిగ చేయునది యౌవనమందలి ఆ మెఱుపు గాదు. తరువాతి దశాబ్దములలో ఆయన ముంగిట కులమడుగకుండుటయే.

ఉదయగిరి వైపు సీతారామపురము దాపున బెడుసుపల్లిలో 1895లో జన్మించిన కాశిరెడ్డి నాయన తీరు వేఱు. ఆయనను గూర్చి జనులు చెప్పుకొనునది ఒక ఘడియ కాదు, ఒక పంక్తి. పాడుబడిన గుడులను బాగుచేయించుట, సత్రములు నిలిపి వచ్చినవారికెల్ల అన్నము పెట్టుట: 1995 డిసెంబరులో గతించువఱకు ఇదియే పని. కడప జిల్లా యడవులలోని జ్యోతిక్షేత్రమున ఆయన సమాధి గలదు. చీమమార్గమున కింతకంటె మంచి సాక్ష్యమును మేమెఱుంగము.

అయినను క్రమమార్గము పేర జరుగు మోసమొకటి గలదు. “కాలము రావలెను” అను మాట సాధకుని నోట వినయము. పెత్తందారు నోట అది తప్పించుకొనుట. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి తలుపులు హరిజనులకు తెఱువవలెనని 1946లో పొట్టి శ్రీరాములు ఉపవాసమునకు కూర్చుండినపుడు, కాలము రావలెననువారు లేకపోలేదు. ఆయన వేచియుండలేదు. మఱుసటి యేడే, 1947లో, మద్రాసు రాష్ట్రమున దేవాలయప్రవేశ శాసనము వచ్చినది. శాసనము ఒక్కనాటిది. గుడిలో అడుగిడినవాడు ఇంటిలో దాహమడిగినపుడు ఏమి జరుగుననుట ఏండ్ల పని. ఆ ఏండ్లు మా పసితనమువఱకు సాగినవని మేమే సాక్ష్యము.

మేము పట్టణమున చదువుకొని ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించి, సెలవులకు ఇంటికి పోయినపుడు తాతగారు పంచదశి మానివేసియుండిరి, చూపు మందగించినది. అదే పనివాడు, తల నెఱసి, అరుగుమీద వారి ప్రక్కనే కూర్చుండి చెంబెత్తి నీరు త్రాగుచుండెను. ఈ మార్పు ఎప్పుడు వచ్చినదని మా అవ్వను లోపలికి పోయి మెల్లగా అడిగితిమి. ఆమె కొంతసేపు ఆలోచించినది.

“ఏమో నాయనా, ఎప్పుడని చెప్పేది! ఒకనాడు చూస్తే చెంబు అతని చేతిలోనే ఉంది.”