అటక మీది తుపాకీ

సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్ళినప్పుడల్లా పిల్లలకు ఒకటే సరదా. అటక మీది తుపాకీ దింపించుకుని, భుజాన పెట్టుకుని ఫోటోలు దిగడం. నాలుగున్నర అడుగుల గొట్టపు తుపాకీ. దాని మీద పేరు లేదు, అంకె లేదు, ముద్ర లేదు. మా ఊరు బొబ్బిలికి దగ్గర. అందుకని మామయ్యగారు ఉన్నన్నాళ్ళూ "మన పెద్దలు బొబ్బిలి కోటలో పట్టిన తుపాకీ ఇది" అని చెప్పేవారు. అలా చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

ఈసారి పండక్కి మా తోడికోడలి కొడుకు దాని సుత్తి వెనక్కి లాగి చెల్లెలి వైపు గురిపెట్టాడు. నా గుండె ఆగినంత పనైంది. "వందేళ్ళ తుప్పమ్మా, ఏం పేలుతుంది?" అని బావగారు నవ్వేశారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా తమ్ముడికి తెలిసిన పెద్దాయన ఒకరు మ్యూజియంలో పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే ఆయనకు ఫోటోలు పంపి, ఇది ఏ కాలందో చెప్పమని అడిగాను.

ఆయన కాలం సంగతి ఎత్తలేదు. "అది ఖాళీదేనా, చూశారా?" అన్నారు.

చూడటం ఎలాగో కూడా ఆయనే చెప్పారు. ముఖం పక్కకు పెట్టి, గొట్టంలోకి సన్నని చెక్క పుల్ల ఆగేదాకా పోనివ్వాలి. మూతి దగ్గర పుల్ల మీద గుర్తు పెట్టి, బయటికి తీసి, గొట్టం పక్కనే పెట్టి కొలవాలి. ఖాళీదైతే పుల్ల దాదాపు నిప్పు రంధ్రం దాకా రావాలి. మా పుల్ల నాలుగు వేళ్ళ ముందే ఆగిపోయింది. లోపల ఏదో ఉంది! నల్లమందు అంటే సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. తడి తగలకుండా ఉంటే వందేళ్ళయినా దాని గుణం పోదట. ఎన్ని పండగలు పిల్లలు దాన్ని ముఖాల దగ్గర పెట్టుకుని ఆడారో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

తుపాకీని గదిలో పెట్టి తాళం వేశాకే ఆయన మిగతా సంగతులు చెప్పారు. ముద్ర లేని తుపాకీ వయసు తెలియాలంటే మొదట చూడాల్సింది నిప్పు ఎలా పుడుతుందన్నదట. అన్నిటికంటే పాతది జామగి తుపాకీ. నెమ్మదిగా కాలే తాడే జామగి. బ్రౌన్ నిఘంటువులో ఈ మాట చూసిన గుర్తుంది, వస్తువేమిటో ఇప్పుడు అర్థమైంది. ఆ తాడు రంజకపు పళ్ళానికి తగిలితే మందు అంటుకునేది. తర్వాత వచ్చింది చెకుముకి రాయి ఉక్కుకు కొట్టుకుని నిప్పు రాల్చేది. ఆ తర్వాతది క్యాపు తుపాకీ. చిన్న రాగి టోపీని ముక్కు మీద తొడిగితే, సుత్తి దెబ్బకు అది పేలి లోపలి మందును అంటిస్తుంది.

మాది క్యాపు తుపాకీ. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. క్యాపుకు మూలమైన పద్ధతికి స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే పాస్టరు పేటెంటు తీసుకున్నది 1807లో. చెకుముకి తుపాకీ పళ్ళెంలో మందు భగ్గుమనగానే పిట్టలు ఎగిరిపోతున్నాయని వేటగాడైన ఆయన విసిగిపోయాడట. రాగి టోపీలు వాడుకలోకి వచ్చింది 1820ల తర్వాతే. అంటే ఇప్పుడున్న రూపంలో ఈ తుపాకీ బొబ్బిలి కోటను చూసే వీలే లేదు.

"పూర్తిగా కొట్టిపారేయకండి" అని ఆయన ఇంకో ఫోటో అడిగారు. సుత్తి బిగించిన ఇనుప పలక మీద ఇనుప ముక్కలతో పూడ్చిన రెండు రంధ్రాలున్నాయి. ఒకప్పుడు ఉక్కు మూత, పళ్ళెం బిగించిన చోట్లు అవి. అంటే చెకుముకి తుపాకీనే ఎవరో తర్వాత క్యాపుకు మార్చారు. అయినా చెకుముకి తుపాకులు 1757లోనూ ఉన్నాయి, 1830లోనూ ఉన్నాయి. దాంతో మామయ్యగారి మాట రుజువు కాదు. కంపెనీ తుపాకీ అయితే కంపెనీ గుర్తుండేది, ఇంగ్లండులో పరీక్షించినదైతే గొట్టం మీద ఆ ముద్ర ఉండేది. మాదానికి మరల నెత్తిన గాడి కూడా మధ్యలో లేదు, ఆకురాయితో చేత్తో కోసినట్టు పక్కకు ఒరిగింది. గొట్టం పొడవునా ఇనుము అతికిన గీత ఉంది. ఇక్కడి కమ్మరి పనితనమే అయ్యుంటుందని ఆయన అన్నారు.

అటక ఎందుకెక్కిందో కూడా ఊహించవచ్చు. లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయులు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. కాగితం లేని తుపాకీని వసారాలో గోడకు తగిలించేది ఎవరు?

ఇప్పటి 1959 చట్టం, బాగుచేసినా పేలని పాత ఆయుధానికే మినహాయింపు ఇస్తుంది. మాది పేలేదే. "స్టేషనుకిస్తే మళ్ళీ ఇంటికి రాదు, నాన్న జ్ఞాపకం" అని బావగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే అర్జీ రాశారు. పోలీసుల తరఫున వచ్చిన ఆయుధాల మెకానిక్ గొట్టంలో నీళ్ళు పోసి నానబెట్టి, కొసకు మర ఉన్న కడ్డీతో లోపలిది లాగారు. ముందు గుడ్డపేలిక, తర్వాత గుప్పెడు సీసపు గుళ్ళు, చివర నల్లటి ముద్ద. మనుషుల మీదికి వాడే పెద్ద గుండు కాదు. చేలో పడే పందుల కోసం దట్టించి, పేల్చకుండా పెట్టేసినట్టుంది.

తుపాకీ ఇప్పుడు స్టేషనులో ఉంది, రసీదు మా దగ్గరుంది. తిరిగి ఇస్తారో లేదో చెప్పలేదు. ఇదంతా అత్తయ్యగారికి చెబితే కాసేపు ఊరుకుని, "పందుల తుపాకీ అని ముందే తెలిస్తే పిల్లలు ముట్టుకునేవారే కాదు కదమ్మా" అన్నారు.