మధ్యమ జంట చరిత్ర

టెక్సాస్ రాష్ట్రమున రాబ్స్‌టౌన్ అను చిన్న పట్టణమునందు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో పుట్టినదని 2007లో ఆ రాష్ట్ర శాసనసభయే అంగీకరించిన హోల్డెమ్ పోకరు, 1963 ప్రాంతమున కార్కీ మెకార్కొడేల్ అను ఆటగాని వెంట లాస్ వేగస్ చేరినను, పొరుగుననే యున్న కాలిఫోర్నియాలో చట్టసమ్మతముగా అడుగిడుటకు మరి యిరువదినాలుగేండ్లు పట్టినది. ఈ జాప్యమునకు కారణము చట్టము. ఆరులు మొదలు పదులవరకు గల మధ్యమ జంట చేతికి వచ్చినపుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు ఈ జాప్యమువలననే ఒక నూతన సమాధానము ఏర్పడినదని నా దృఢవిశ్వాసము.

ఆట ఎరుగనివారికొరకు రెండు మాటలు. ప్రతి ఆటగానికి రెండేసి ముక్కలు మూసి పంచి, బల్లమీద అందరికిని ఉమ్మడిగా మొదట మూడు, పిమ్మట నొకటి, కడపట మరియొకటి తెరచి వేయుదురు. లిమిట్ పద్ధతిలో పందెపు మొత్తము ముందే నిర్ణీతము: మూడు-ఆరు డాలర్ల బల్లయైనచో మొదటి రెండు పందెపు ఆవృత్తులలో, అనగా ముక్కలు పంచగనే ఒకమారు, మూడు తెరచిన పిమ్మట ఒకమారు, మూడేసి డాలర్లు, చివరి రెంటిలో ఆరేసి డాలర్లు మాత్రమే కట్టవలెను, అంతే మొత్తమున పెంచవలెను. ఉన్న ధనమంతయు ఒక్కసారిగా ముందుకు త్రోసి ఎదుటివానిని భయపెట్టుటకు ఇందు తావు లేదు.

కాలిఫోర్నియా శాసనకర్తలు 1885లో నిషిద్ధక్రీడల పట్టికయందు స్టడ్‌హార్స్ పోకరును చేర్చిరి. డ్రా పోకరు ఆ పట్టికలోనికి రాదని 1911లో రాష్ట్ర అటార్నీ జనరల్ యులిసీస్ వెబ్ అభిప్రాయమిచ్చుటతో, ఆ యొక్క ఆటకు మాత్రము ద్వారము తెరచుకొన్నది. లాస్ ఏంజెలిస్ ప్రక్కనున్న గార్డీనాలో 1936లో ఎర్నెస్ట్ ప్రిమ్ క్లబ్బు నెలకొల్పిన పిమ్మట ఆ యూరు అర్ధశతాబ్దికాలము అమెరికా పేకాటకు ముఖ్యస్థానమై యుండెను. జాకీల జతకు తగ్గిన చేతితో పందెము ప్రారంభింపరాదను నియమముగల డ్రా పోకరును, తక్కువ ముక్కలవానికే గెలుపు దక్కు లోబాల్ ఆటయును అక్కడ నడచెడివి. క్లబ్బువారు అరగంట కొకమారు కుర్చీకి అద్దె వసూలు చేసెడివారు. ఈ బల్లలయొద్ద బ్రదుకు వెళ్లబుచ్చు వృత్తి ఆటగాండ్రను మానవశాస్త్రజ్ఞుడు డేవిడ్ హయానో చిరకాలము పరిశీలించి 1982లో ఒక గ్రంథమే వెలువరించెను.

చట్టము ఆటలను వేరుచేసి చూచుట మన తెలుగునాటికిని క్రొత్తగాదు. సికింద్రాబాదులోని ఒక రిక్రియేషన్ క్లబ్బుపై 1963లో పోలీసులు జరిపిన దాడినుండి పుట్టిన వ్యాజ్యమున, సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పుచు, రమ్మీ ఆటయందు పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది ఉంచుకొనవలెనో ఏది పారవేయవలెనో నిర్ణయించుటకును నేర్పు కావలెనని, మూడుముక్కలాటవలె అది కేవలము అదృష్టక్రీడ కాదని నిర్ధారించినది. పారవేయుటయందే నేర్పు కలదన్న ఆ వాక్యార్థము నాకు మధ్యమ జంట కథ చదువునప్పుడెల్ల స్ఫురించుచుండును.

హోల్డెమ్ ఆట నిషిద్ధమైన స్టడ్‌హార్స్ కాదని 1987లో కాలిఫోర్నియా న్యాయస్థానము తేల్చుటయు, 1990లో అప్పీలు కోర్టు దానిని స్థిరపరచుటయు జరిగినవి. అప్పటికే బెల్ గార్డెన్స్‌లో బైసికిల్ క్లబ్బు, కామర్స్‌లో అదే పేరి కాసినో వెలసియున్నవి. డ్రా పోకరునకు, లోబాలునకు అలవాటుపడిన జనము క్రొత్త ఆటకు తరలివచ్చిరి. ఏ రెండు ముక్కలు వచ్చినను మూడు డాలర్లే గదా యని బల్లమీది మూడు ముక్కలు చూడగోరు వదులుచేతి ఆటగాండ్రతో చిన్నపందెముల బల్లలు నిండిపోయినవి.

చేతిలో రెండు ఎనిమిదులు వచ్చినవనుకొందము. ఎదుట ఒక్కడే యుండి, వాని చేతిలో ఏవో రెండు ముక్కలున్నచో, ఈ జంట నూటికి 69 మార్లు గెలుచును. కావున పెంచి తక్కినవారిని తొలగించి ఒక్కనితో తలపడుట పాతమతము. వదులుచేతివారు ఆరుగురు చేరినచోట ఈ మతము చెల్లదు. మరి మూడు డాలర్లు పెంచినంతమాత్రమున ఎవ్వడును లేచిపోడు. బల్లమీద పడు మూడింటిలో ఎనిమిదిని మించిన ముక్క ఒకటియైనను నూటికి 87 మార్లు వచ్చును; ఆరుగురిలో ఎవడో ఒకనికి అది జతపడకపోదు. పదుల జంటకు సైతము ఇంచుమించు 70 మార్లు ఈ ఆపద తప్పదు.

ఇక మూడవ ఎనిమిది బల్లమీద పడు అవకాశము సుమారు ఎనిమిదిన్నర మార్ల కొకమారు, అనగా ఒకటికి ఏడున్నర ప్రతికూలము. మన మూడు డాలర్లకు ఎదురుగా ఆరుగురి పదునెనిమిది డాలర్లున్నవి, అనగా ఒకటికి ఆరు. ఆ కొరతను తర్వాతి ఆవృత్తులలో, ఒక జతతోనో జతకై యాశతోనో కడదాక వచ్చు వారి ఆరేసి డాలర్లు తీర్చును. రాజు, ఎనిమిది, మూడు పడినచో వెనుకాడక పందెము కట్టి పెంచవలెను. రాజుచేతివాడు ఎట్లును విడువడు. రాణి, పది, నాలుగు పడి, మనకు ముందే ఒకడు పందెము కట్టి ఇద్దరు సరియనినచో, ఆ ఎనిమిదులను తడయక పారవేయవలెను. మొదట అందముగా కనబడిన చేతిని మూడు డాలర్లతో విడిచిపెట్టగల ఈ నిగ్రహమును నేను ఆటలోని అత్యుత్తమ విద్యగా భావింతును.

డేవిడ్ స్క్లాన్‌స్కీ, మేసన్ మాల్‌మూత్‌లు 1988లో వెలువరించిన గ్రంథమున చేతులను శ్రేష్ఠతాక్రమమున వర్గములుగా విభజించి, పదులను రెండవ వర్గమునను, తొమ్మిదులను మూడవదానను, ఎనిమిదులను నాలుగవదానను, ఏడులను ఐదవదానను, ఆరులను ఆరవదానను చేర్చిరి. ఆ మెట్లు పదునైన ఆటగాండ్ర బల్లకు సరిపోవును. వదులుబల్లలకే ప్రత్యేకించి 1994లో లీ జోన్స్ పుస్తకము వ్రాసెను. 1999 నాటి తమ నూతన ముద్రణములో పై గ్రంథకర్తలును అట్టి బల్లలకు విస్తారముగా చోటిచ్చిరి.

2003లో క్రిస్ మనీమేకర్ ప్రపంచపోటీ గెలిచిన పిదప జనదృష్టి పరిమితిలేని పందెములవైపు మరలి, లిమిట్ ఆట వెనుకబడినది. 2015లో ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారి సిఫియస్ అను కంప్యూటరు కార్యక్రమము లిమిట్ హోల్డెమ్‌ను దాదాపు సంపూర్ణముగా పరిష్కరించినది. అయితే ఆ పరిష్కారము ఇద్దరు మాత్రమే ఆడు ఆటకు. తొమ్మిదిమంది కూర్చుండు వదులుబల్లకు అది వర్తింపదు.