కమలాపురం కంప, దుంగ కాడికి వచ్చే రంపం

మన సంఘాల మీటింగుల్లో కంప మాట వస్తే రెండే లెక్కలు: మోపు ఎంత పలికింది, బొగ్గు మూట ఎంత పలికింది. అదే కంపలో మంచి పలకలు కూడా ఉన్నాయని, వాటిని కోసేదానికి దుంగ దగ్గరికే తీసుకుపోయే చిన్న సామిల్లు మిషన్లు ఉన్నాయని తెలిసినాక, ఇన్నేండ్లుగా మనం దాన్ని పొయ్యిలోకే ఎందుకు పెడుతున్నామని ప్రశ్న వచ్చింది. దానికి జవాబు చరిత్రలోనే ఉంది.

సర్కారు తుమ్మ మన నేలది కాదు, అమెరికా ఖండంలోని ఎండ భూములది. 1876లో మద్రాసు అడవుల శాఖ అధికారి బెడ్డోమ్ దొర దాని విత్తనాల కోసం జమైకాకు రాసినాడు. 1877లో మన కడప జిల్లా కమలాపురంలో నాటినారు. దేశంలో ఈ చెట్టు మొదట నాటిన చోట్లలో మన కమలాపురం పేరే చెప్తారు. అవి ధాత కరువు రోజులు. ఎండిన నేలలో వంటచెరుకు పెరగాలనేది ఆలోచన. ఎవరు తెచ్చినారో చెట్టు పేరే చెబుతుంది.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులు రిజర్వు అయినాయి. కట్టెకు, మేతకు రుసుములు, జరిమానాలు మొదలైనాయి. 1921-22లో రాయచోటి తాలూకాలో జనం అటవీ సత్యాగ్రహం చేసిందీ ఈ బాధతోనే. నల్లమల నారేప, శేషాచలం ఎర్రచందనం సర్కారు లెక్కలోకి పోయినాయి. కంపను మాత్రం ఎవరూ కాపలా కాయలేదు. మేకలు కాయలు తిని విత్తనాలను పేడలో వదిలితే చెరువు కట్టలు, వంక గట్లు, బీళ్లు అన్నీ కమ్ముకుంది. పేదింటి పొయ్యికి మిగిలింది అదే. కొట్టేది మనమే, ముల్లు దిగి చీము పట్టేది మన కాళ్లకే.

ఇక రంపం సంగతి. పూర్వం రంపమే చెట్టు కాడికి పోయేది. గుంత తవ్వి, దాని మీద దుంగ పెట్టి, జాజు దారంతో గీత కొట్టి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి పెద్ద రంపం లాగేవాళ్లు. కింద ఉన్న మనిషి కండ్ల నిండా పొట్టే. దూలం, వాసం ఊర్లోనే తయారయ్యేవి. టౌన్లలో సామిల్లులు వచ్చినాక దుంగే బండెక్కి పోవాల్సి వచ్చింది. పొడుగ్గా, నిటారుగా ఉన్న దుంగకైతే బాడుగ గిట్టుతుంది. మూడు నాలుగడుగుల వంకర కంప దుంగకు ఎవరు గిట్టుబాటు చూస్తారు? అందుకే అది బొగ్గు బట్టీకి పోయింది. కట్టెలో లోపం ఉండి కాదు.

కట్టె నిజానికి చాలా గట్టిది. నడిమి చేవ ఎర్రగోధుమ రంగులో ఉంటుంది, ఆరినప్పుడు తక్కువ కుంచించుకుపోతుంది. దీని జాతి చెట్లతో అర్జెంటీనాలో, అమెరికా టెక్సాస్‌లో కుర్చీలు, నేల పలకలు చేస్తారు.

బ్యాండు రంపం ఆలోచన ఇంగ్లండులో న్యూబెరీ అనే ఆయనది, 1808 నాటిది. పట్టీలాంటి బ్లేడు చక్రాల మీద తిరగాలంటే రెండు కొనలూ అతకాలి. ఆ అతుకు ఊరికే తెగిపోయేది. సుమారు నలభై ఏండ్లు అది పనికిరాకుండానే ఉండె. 1846లో గట్టిగా అతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నది ఆన్ పౌలిన్ క్రెపిన్ అనే ఫ్రాన్సు దేశపు ఆడమనిషి. ఈ సంగతి మన అక్కచెల్లెండ్లందరికీ తెలియాలనే ఇంత రాసినాము. 1982లో అమెరికాలో వుడ్‌మైజర్ కంపెనీ ఈ రంపాన్ని లాక్కుపోయే మిషనుగా చేసింది. ఇందులో దుంగ కదలదు, పట్టాల మీద రంపమే నడుస్తుంది. బ్లేడు పల్చన కాబట్టి ఒక్కో కోతకు రెండు మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ, పొట్టుగా పోతుంది. గుండ్రంపానికి అయిదారు పోతాయి. సన్న దుంగలో ఆ తేడా ఒక పలకంత. చైన్ రంపానికి చట్రం బిగించి కూడా కోయవచ్చు. ధర తక్కువే కానీ పొట్టు ఇంకా ఎక్కువ.

మొదలుపెట్టాలంటే అప్పు కంటే ముందు అనుమతి చూసుకోవాలి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు నుంచి సామిల్లుల మీద గట్టి నిఘా ఉంది. 2016లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంజనుతో దుంగ కోస్తే, మిషను చిన్నదైనా సామిల్లు కిందే లెక్క కట్టవచ్చు. చెట్టు కొట్టే విషయానికి 2002 వాల్టా చట్టం కూడా ఉంది.

దుంగ కనీసం తొడ లావు ఉండాలి. పైనున్న పసుపు కట్టె పురుగు పడుతుంది, దాన్ని తీసేసి చేవే వాడాలి. మట్టి, ఇసుక ఉంటే బ్లేడు మొండిబారుతుంది, కోసేముందు బెరడు కడగాలి. పలకల మధ్య పుల్లలు పెట్టి నీడలో నెలల తరబడి ఆరబెట్టాలి. ఎండలో వేస్తే పగుళ్లే. పీటలు, మంచం కోళ్లు, చపాతీ చెక్కలు మొదట చేయదగిన సరుకు. కండ్లకు అద్దాలు లేకుండా మిషను దగ్గరికి ఎవ్వరినీ రానియ్యకూడదు.

మిషను ధర మాట్లాడకముందు రేంజి ఆఫీసులో మూడు ప్రశ్నలు అడగాలని తీర్మానం రాసుకున్నాము: సంఘం పేరున లైసెన్సు ఇస్తారా, సొంత బీడులోని కంపకు ఏ కాగితం కావాలి, కోసిన పలకను మండలం దాటించవచ్చునా. జవాబు రాతలో తీసుకోవాలి.