చేతికిచ్చిన సొమ్ము

“మొన్న ఇచ్చిన అయిదువందలూ ఏం చేశావు?”

ఈ ప్రశ్న వినని ఇల్లాలు ఎక్కడైనా ఉంటే ఆవిడకు చేతులెత్తి మొక్కాలి. కూరలకింత, పాలకింత, పనిమనిషికింత అని వేళ్ళు మడిచి లెక్క చెప్పేసరికి ఎక్కడో ఓ ఇరవై తగ్గుతుంది. ఆ ఇరవై ఎటుపోయిందో మనకు తెలుసు. పోపులపెట్టెలో ఆవాల అడుగుకి! దాన్ని దాపరికమనండి, మరొకటనండి, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని సొమ్ము కాస్తయినా ఉండాలన్న ఆశ అది.

ఇచ్చినవాడు ఇచ్చి ఊరుకోడు. ఇంట్లో శ్రీవారే అలా ఉంటే ఇక సర్కారు సంగతి చెప్పాలా? బీదవాళ్ళకిచ్చే డబ్బుకు ఏదో ఒక ముడి వెయ్యకుండా ఇచ్చిన ప్రభుత్వం అరుదు.

1876-78 నాటి మహాకరువునే తీసుకోండి. పెద్దలు ధాత కరువనేవారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరగారు మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి, ఖర్చు మరీ ఎక్కువవుతోందని, కరువు పనిలోకి వచ్చిన మగవాడికి రోజుకొక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలునన్నారు. పౌనంటే అరకిలో కూడా కాదు! అదైనా పగలంతా మట్టి మోస్తేనే. డాక్టరు కార్నిష్ అనే ఆయన, ఇది మనిషి బతకడానికి చాలదని గట్టిగా వాదించాక కొన్ని నెలలకు కాస్త పెంచారు. పనులు కూడా ఊరికి దూరంగా పెట్టేవారు. నిజంగా ఆకలైనవాడు ఎంత దూరమైనా నడిచొస్తాడని వాళ్ళ లెక్క. నడవలేనంత ఆకలి కూడా ఉంటుందని ఆ లెక్కలో లేదు.

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. మొగుడు పోయిన ఆడదానికి మనోవర్తి ఇచ్చేవారు గదా, దానికీ ఎన్నో ముళ్ళు. న్యాయవాదులు ‘తులసమ్మ కేసు’ అని చెప్పుకొనే దావా ఒకటుంది. 1931లో భర్త పోయిన ఆవిడ 1944లో నెల్లూరు కోర్టుకెళ్ళింది, కోర్టు ఫీజు కట్టలేక పాపర్ దావాగా. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఇచ్చారు. బతికున్నంత కాలం అనుభవించుకో, అమ్మడానికి మాత్రం హక్కు లేదన్నారు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఆ ధైర్యంతో 1961లో ఆవిడ కొంత భూమి అమ్మితే మళ్ళీ కోర్టు. చివరికి 1977లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: మనోవర్తి ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు, భార్యగా ఆమెకున్న హక్కు, దాని కింద ఇచ్చిన ఆస్తికి ఆమే సంపూర్ణ హక్కుదారు అని. మొదటి దావా వేసిన ముప్ఫైమూడేళ్ళకు!

ఇంటి మనోవర్తికి దొరికిన ఈ న్యాయం సర్కారు పింఛనుకు దొరికిందా? ఒక్కసారి గరికపాడు దాకా వెళ్ళొద్దాం. హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చే రోడ్డు మీద, జగ్గయ్యపేటకు ఇవతల ఉన్న ఊరు. 2014లో రాష్ట్రం విడిపోయాక అక్కడ సరిహద్దు చెక్‌పోస్టు వెలిసింది. బండి ఆపి, ఏం తెస్తున్నావు, ఎక్కడికి తీసుకుపోతున్నావు అని అడుగుతారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ ముసలమ్మల పింఛను కూడా ఇలాంటి చెక్‌పోస్టులు ఎన్నో దాటే వచ్చింది.

1995 ఆగస్టు 15న కేంద్రం దిక్కులేని వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 2006లో 200, 2014లో వెయ్యి, 2024లో నాలుగు వేలు అయింది. అంకె పెరిగింది, సంతోషమే. ముళ్ళు మాత్రం పూర్తిగా విడలేదు. మిషను మీద వేలు పెట్టాలి. జన్మంతా పత్తి తీసి, మిరపకాయలు కోసి అరిగిపోయిన వేలికి గీతలెక్కడివి? కోదాడలో కూతురింటికి వెళ్ళినా పింఛను వేళకు సరిహద్దు దాటి ఇంటికి రావాలి. కొంతకాలం, ఏ నెలది ఆ నెలే, తీసుకోకపోతే పోయినట్టే అన్నారు. 2024 డిసెంబరు నుంచి, రెండు నెలలు తప్పినా మూడో నెలలో కలిపి ఇస్తామన్నారు. అది మంచి మార్పు.

2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు గుమ్మంలోకే తెచ్చిచ్చేవారు. 2024 ఎన్నికలప్పుడు వాళ్ళు పంచకూడదని ఎన్నికల సంఘం ఆపింది. ఏప్రిల్లో చాలామంది సచివాలయాలకూ, మే నెల ఎండల్లో బ్యాంకులకూ నడిచారు. జులై ఒకటి నుంచి సచివాలయ ఉద్యోగులు మళ్ళీ ఇంటికే తెచ్చిచ్చారు. తగువు పెద్దవాళ్ళ మధ్య, నడక మాత్రం ముసలమ్మకి!

“అలా అని డబ్బు చేతికిస్తే తాగి తగలేస్తారు గదండీ” అంటారు కొందరు. ఆ బాధ ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. వాళ్ళు అడిగిందల్లా కొట్టు మూయమనే. బీదవాళ్ళందరి చేతులూ కట్టెయ్యమని ఎవరూ అడగలేదు.

ఆస్ట్రేలియాలో ఆ రెండో పనే చేశారు. 2016 నుంచి కొన్ని ప్రాంతాల్లో, సర్కారు సాయం పొందేవాళ్ళ సొమ్ములో చాలా భాగం ఒక కార్డులో వేసి, దాంతో మద్యం కొనకూడదు, జూదమాడకూడదు, నోట్లుగా మార్చుకోకూడదు అన్నారు. చుక్క ముట్టని తల్లికీ అదే కార్డు. సంతలో పిల్లవాడికి పాత చొక్కా కొనాలన్నా చేతిలో నోటు లేదు. విమర్శలు పెరిగి 2023లో దాన్ని ఎత్తేశారు.

దొంగ పేర్లు ఏరెయ్యవద్దని ఎవరూ అనరు. పింఛను చేరవలసినవాళ్ళకు చేరిందా లేదా అన్న లెక్క సర్కారు చూసుకోవాల్సిందే. చేరిన తర్వాత ఆ సొమ్ము ఆవిడది. నాలుగు వేలలో మందులు పోను, ఓ యాభై పెట్టి మనవరాలికి గాజులు కొంటుందేమో, కొననివ్వండి. ఎందుకు కొన్నావని మాత్రం అడక్కండి.