దించిన జెండా ఎక్కడికి పోతోంది?

జాతీయ జెండాను ఎలా ఎగరేయాలో బడిపిల్లలను అడిగినా చెబుతారు. కాషాయం పైన, ఆకుపచ్చ కింద, నడుమ తెలుపులో 24 ఆకుల చక్రం, పొడవు మూడు పాళ్లయితే ఎత్తు రెండు పాళ్లు. ఎలా దించాలో, దించాక ఏం చేయాలో అడిగితే పెద్దలు కూడా తడబడతారు. 2002 నాటి పతాక నియమావళి మాత్రం ఆ దించే ఘట్టం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టింది. జెండాను చకచకా పైకి లేపాలనీ, దించేటప్పుడు నెమ్మదిగా, మర్యాదగా దించాలనీ చెప్పింది. అవనతం చేయాలన్నా ముందు కొసదాకా ఎత్తి ఆ తర్వాతే సగానికి తేవాలి. పూర్తిగా దించే ముందు మరోసారి కొసదాకా ఎత్తాలి. సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో పార్థివ దేహం మీద కప్పిన జెండాను చితిలో కాల్చకూడదు, సమాధిలోకి దించకూడదు. చిరిగి, వెలిసి, ఎగరడానికి పనికిరాకుండా పోయిన జెండాను ముక్కలు చేయకుండా, మొత్తంగా, నలుగురి కంట పడకుండా దహనం చేయడం మంచిదనీ, లేదా గౌరవానికి భంగం రాని మరో పద్ధతిలో ముగించాలనీ రాసింది. మనం ఎగరేసే హక్కును పండుగలా అందుకున్నాం కానీ, దానితో పాటు వచ్చిన ఈ రెండో సగాన్ని దాదాపు వదిలేశాం. జెండాకు ఇవాళ జరుగుతున్న అగౌరవంలో ఎక్కువ భాగం ద్వేషం వల్ల కాదు, ఈ మరుపు వల్లే జరుగుతోందని నా వాదన.

ఈ మాట అనగానే వచ్చే మొదటి జవాబు, జెండాను అందరి చేతికీ ఇవ్వడమే తప్పు అని. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన నాటికి దాని వెనుక ఏ ప్రభుత్వమూ లేదు. 1923లో నాగపూర్ జెండా సత్యాగ్రహంలో దాన్ని పట్టుకుని వీధుల్లో నడిచినందుకే జనం జైళ్లకు వెళ్లారు. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా పండుగ జరుపుకుంటుంటే, నిజాం ఏలుబడిలోని హైదరాబాదులో అదే జెండా ఎగరేసిన స్వామి రామానంద తీర్థ అరెస్టయ్యారు. సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయబోయిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు విరుచుకుపడి పలువురి ప్రాణాలు తీశారు. మామూలు మనుషులు ప్రాణాలిచ్చి నిలబెట్టిన జెండాను ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు ఆ మామూలు మనుషులే కొన్ని పర్వదినాల్లో తప్ప ఇంటి మీద ఎగరేయకూడదన్నారు. రాయగఢ్‌లోని తన ఫ్యాక్టరీ మీద జెండా ఎగరేస్తే అధికారులు అడ్డుపడినందుకు పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ కోర్టుకెక్కారు. 1995లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. 2002 జనవరి 26 నుంచి కొత్త నియమావళి అమల్లోకి వచ్చింది. 2004 జనవరిలో సుప్రీంకోర్టు, జెండాను గౌరవంగా ఎగరేయడం భావ ప్రకటన స్వేచ్ఛలో భాగమని తేల్చింది. ఆ హక్కును మళ్లీ లాక్కోవాలనడం పరకాల మృతుల త్యాగానికి చేసే అన్యాయం.

ఇక రెండో జవాబు, చట్టాన్ని ఇంకా కఠినం చేయాలని. ఉన్న చట్టం మెత్తనిదేమీ కాదు. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ప్రకారం బహిరంగంగా జెండాను కాల్చినా, చించినా, తొక్కినా మూడేళ్ల దాకా జైలు. చిరిగిన జెండాను ఏకాంతంగా కాల్చమని నియమావళి చెబుతుంటే, జనం ముందు కాల్చడాన్ని చట్టం నేరమంటోంది. చేసే పని ఒకటే అయినా, దాని వెనుక ఉద్దేశమూ అది జరిగే చోటూ వేరు. 2021లో మద్రాసు హైకోర్టు కూడా ఇలాగే ఆలోచించింది. మూడు రంగులతో, అశోకచక్రంతో చేసిన కేకును కోయడం ఈ చట్టం కింద నేరం కాదని చెప్పింది. తెలిసి అవమానించేవాణ్ణి చట్టం పట్టుకోగలదు. ఆగస్టు 16న రోడ్డు పక్కన పడిన జెండాను అక్కడ పడేసినవారికి అవమానించే ఉద్దేశమే లేదు, కాబట్టి జైలు భయం వారిని మార్చలేదు. వారికి కావలసింది ఆ జెండాను ఎవరికి అప్పగించాలో చెప్పే చిరునామా.

ఆ చిరునామా అవసరం ఈ మధ్యే బాగా పెరిగింది. 2021 డిసెంబరు 30 దాకా నియమావళి చేత్తో వడికి, చేత్తో నేసిన ఊలు, నూలు, పట్టు, ఖాదీ గుడ్డనే జెండాకు ఒప్పుకునేది. ఆ రోజు చేసిన సవరణతో మర మీద నేసిన గుడ్డ, పాలియెస్టర్ కూడా చేరాయి. 2022 ఆగస్టులో 20 కోట్ల ఇళ్ల మీద జెండా ఎగరాలని ప్రభుత్వం పిలుపునిచ్చింది. పోస్టాఫీసుల్లో 25 రూపాయలకే జెండా దొరికింది. ఖాదీ ఖరీదు భరించలేని ఇంటికి కూడా జెండా చేరడం మంచిదేనని ఈ సవరణను సమర్థించేవారి మాట. అందులో నిజముంది, పేదవాడి ఇంటి మీద జెండా ఎగరకపోతే దానికి అర్థమే లేదు. కానీ దహనం అన్న పద్ధతి నూలు గుడ్డను మనసులో పెట్టుకుని ఏర్పడింది. ఖాదీ శుభ్రంగా కాలి బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి, నల్లగా చుక్కలు కారి, ఘాటైన పొగ వదిలి, ముద్దగా మిగులుతుంది. ఆ ముద్దను చూసి ఇది గౌరవమైన వీడ్కోలని ఎవరూ అనలేరు. ప్లాస్టిక్ జెండాలు మట్టిలో కలవవు కాబట్టి వాడొద్దని ఏటా రాష్ట్రాలకు రాసే హోంశాఖే, ప్లాస్టిక్ జాతికే చెందిన పాలియెస్టర్‌ను అనుమతించింది. గుడ్డను మార్చినవారు ముగింపు పద్ధతిని మార్చలేదు.

ఇంత చిన్న విషయానికి ఇంత చర్చా అనేవారు అమెరికాను చూడవచ్చు. అక్కడ 1989లో సుప్రీంకోర్టు, నిరసనగా జెండాను కాల్చడాన్ని కూడా నేరంగా శిక్షించకూడదని తీర్పిచ్చింది. అయినా జెండాను సాగనంపే ఆచారం చెక్కుచెదరలేదు. జూన్ 14 జెండా దినోత్సవం నాడు మాజీ సైనికుల సంఘాలు, స్కౌట్లు పాత జెండాలను పోగుచేసి లాంఛనంగా దహనం చేస్తారు. పాత జెండాలు వేయడానికి ఆ సంఘాల కార్యాలయాల దగ్గర పెట్టెలుంటాయి. ఆ పద్ధతిని నిలబెడుతున్నది శిక్ష కాదు, ఊళ్లో పలానా చోట ఇస్తే పలానా వారు చూసుకుంటారన్న నమ్మకం. మన దగ్గరా 2022లో కొన్ని నగరపాలక సంస్థలు, కాలనీ సంఘాలు పండుగ అయ్యాక జెండాలు సేకరించాయి. ఎవరికి తోచినట్టు వారు చేసిన పని కావడంతో అది నియమంగా నిలవలేదు.

నియమంగా మార్చడానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. పతాక నియమావళి శాసనం కాదని, అది కార్యనిర్వాహక ఆదేశమేనని 2004 తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో పాలియెస్టర్‌నూ, 2022 జులైలో ఇళ్ల మీద రాత్రిపూట జెండానూ అనుమతించింది హోంశాఖ ఉత్తర్వులే. అదే దారిలో మరో ఉత్తర్వు చాలు: జెండా అమ్మిన ప్రతి పోస్టాఫీసూ పాతదాన్ని తిరిగి తీసుకోవాలి, గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీ వాటిని మడిచి భద్రపరచాలి, నూలు జెండాలను దహనానికి, పాలియెస్టర్ జెండాలను కాల్చకుండా ముగించే వేరే పద్ధతికి పంపాలి. ఆ పద్ధతి ఏమిటో నియమావళిలోనే రాయాలి.