తోలు మార్చిన చరిత్ర: క్యూబా దేశపు కాంగా వాద్యము

వాద్యములను తత, అవనద్ధ, ఘన, సుషిరములని నాలుగు తెరగులుగా భరతముని నాట్యశాస్త్రమున విభజించి యున్నాడు. అందు చర్మముచే కప్పబడినవి అవనద్ధములు. మన మృదంగము, డోలు, గుమ్మెట, జమిడిక, డప్పు ఈ కోవకు చెందినవే. వీని నాదమంతయు ఒక తోలు బిగువుపై ఆధారపడి యున్నది. తోలు శాశ్వతము కాదు. అది ఎండకు బిగియును, తేమకు సడలును, దెబ్బలకు అరుగును, తుదకు చినుగును. కనుక చర్మవాద్యము గల ప్రతి దేశమునందును దాని తోలును బిగించి, కాచి, మార్చగల చేతులుండవలసినదే. ఆ చేతుల చరిత్ర ఆ దేశచరిత్రలో ఒక భాగము. ఈ సత్యము మిక్కిలి స్పష్టముగ గోచరించునది క్యూబా ద్వీపమున పుట్టి లోకమంతట వ్యాపించిన కాంగా వాద్యమునందు.

కాంగా నిలువుగా పొడవై, నడుమ కొంత ఉబ్బి, క్రిందికి సన్నగిలిన పీపావంటి వాద్యము. ఎత్తు సుమారు 30 అంగుళములు. పైభాగమున మాత్రమే తోలుండును. అడుగు తెరచి యుండును. పుల్లలతో గాక చేతులతో వాయింతురు. క్యూబా దేశీయులు దీనిని ‘తుంబదోర’ యందురు. వారికి ‘కాంగా’ యన్న పేరు ముఖ్యముగా ఉత్సవపు ఊరేగింపునకును, అందలి నృత్యమునకును చెల్లును. వాద్యములలో సన్ననిది, హెచ్చు శ్రుతి గలది ‘కింతో’, నడిమిది ‘కాంగా’, వెడల్పై మంద్రముగ పలుకునది ‘తుంబ’. మూడింటి ముఖముల వెడల్పులోని భేదము ఇంచుమించు ఒక్కొక్క అంగుళమే యైనను, నాదమున భేదము చాల స్పష్టము.

బానిసలతో వచ్చిన నాదము

క్యూబా స్పెయిను దేశపు వలసరాజ్యముగ నున్న కాలమున చెరకు తోటలలో పనికై ఆఫ్రికానుండి 7 లక్షలకు పైగా మనుష్యులను బానిసలుగ పట్టి తెచ్చిరి. అందు పెక్కుమంది 19వ శతాబ్దమున వచ్చినవారు. అక్కడ బానిసత్వము పూర్తిగ రద్దయినది 1886లో. ఓడ దిగిన ఆ దీనుల చేతిలో వాద్యమేదియు లేదు. దానిని చేయు నేర్పు మాత్రము వారి జ్ఞాపకమున కలదు. కాంగో నదీ ప్రాంతమునుండి వచ్చినవారు చెట్టు మొద్దును తొలిచి, తోలు కప్పి, తమ ‘యూక’, ‘మకూత’ వాద్యములను క్రొత్త నేలపై మరల నిర్మించుకొనిరి. నేటి కాంగాకు ఇవి పూర్వరూపములని పండితుల అభిప్రాయము. ఒక్కొక్క జాతివారు ‘కబిల్దో’ యను సంఘములుగా చేరి, రోగులను ఆదుకొనుచు, మృతులకు అంత్యక్రియలు జరుపుచు, పండుగనాడు తమ పాటను తమ భాషలో పాడుకొనిరి. స్వేచ్ఛతో, ఉద్యోగార్థము స్వస్థలము విడిచిన మనవంటి వారి స్థితికిని, సంకెళ్లతో వచ్చిన వారి స్థితికిని పోలిక లేదు. కాని పరాయిచోట భాషను, పాటను నిలుపుకొనుటకు సంఘము ఎంత అవసరమో మనమెరుగుదుము.

మేకులు, మంట

ఆ కాలపు కాంగాకు తోలును నానబెట్టి, మొద్దు అంచుపై పరచి, చుట్టును ఇనుప మేకులతో దిగగొట్టెడివారు. ఎండిన పిమ్మట తోలు బిగియును. ఒకసారి మేకులు కొట్టిన తరువాత శ్రుతి సవరించుటకు అగ్ని యొక్కటియే శరణ్యము. కాగితములో, కొయ్యముక్కలో మండించి, తోలును సెగకు చూపెడివారు. లోపలి తేమ యారి శ్రుతి హెచ్చును. కొంతసేపు వాయించునప్పటికి మరల దిగును. మరల సెగ కావలెను. డప్పు వాయించుటకు ముందు మంట చుట్టును చేరి దానిని కాచు దృశ్యమును చూచిన తెలుగువారికి ఈ పద్ధతిని వేరుగ వివరింప నక్కరలేదు. సముద్రములకు ఆవల నున్న రెండు జాతులు ఒకరినొకరు ఎరుగకయే ఒకే యుపాయమును కనుగొనిరి. తోలు స్వభావము అంతట ఒక్కటియే కదా.

తోలు చినిగినచో మేకులన్నియు ఊడబెరికి క్రొత్త తోలు కొట్టవలెను. మాటిమాటికి ఇట్లు చేసిన అంచు కొయ్య బీటలు వారి, వాద్యమే చెడును. కనుక తోలు మార్చుట ఆనాడు గొప్ప ప్రయాస.

నిషేధము

వాద్యమునకు ఇంతకంటె పెద్ద విఘాతము ప్రభుత్వమువలన కలిగెను. 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో ఆఫ్రికా సంప్రదాయపు వాద్యములను అనాగరికములని ఎంచి అధికారులు పలుమార్లు నిషేధించిరి. వాద్యము దొరకనిచోట ఓడరేవు కూలీలు ఉప్పుచేపలు వచ్చిన కొయ్యపెట్టెలను, క్రొవ్వొత్తుల పెట్టెలను బోర్లించి వాయించిరి. ‘కహోన్’ అను ఆ పెట్టెలపై రుంబా గానము నిలిచినది. అనగా తోలు లేకున్నను తాళము చావలేదు. ఆ రుంబానే 2016లో యునెస్కో సంస్థ మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వములలో చేర్చినది.

ఇచ్చట చరిత్రయొక్క వింత యొకటి చెప్పవలసి యున్నది. 1925లో శాంతియాగో నగరమున కాంగా ఊరేగింపులను నిషేధించిన నగరాధ్యక్షుని పేరు దెసిదేరియో ఆర్నాజ్. ఆయన కుమారుడు దెసి ఆర్నాజ్ క్యూబా విడిచి అమెరికా చేరి, 1930 ప్రాంతపు చివరి సంవత్సరములలో అదే కాంగా వాద్యమును మెడకు తగిలించుకొని వాయించి, అమెరికావారిచే వరుసగట్టి నృత్యము చేయించి ప్రఖ్యాతుడయ్యెను. తండ్రి వీధినుండి తరిమినదానిని తనయుడు వేదిక నెక్కించెను. 1937లో హవానా నగరమున కూడ ఉత్సవపు ఊరేగింపులకు మరల అనుమతి లభించినది.

వేదికపైకి

అంధుడైన ఆర్సేనియో రోద్రిగెస్ (1911–1970) బానిసగా వచ్చిన కాంగో దేశీయుని మనుమడు. ‘త్రెస్’ యను తంత్రీవాద్యమున అద్వితీయుడు. 1940 ప్రాంతమున ఆయన తన బృందమున పియానో, బాకాలతోపాటు కాంగాను నిలిపెను. పెద్దల నృత్యశాలలలో అంతవరకు దానికి చోటు లేకుండెను. తరువాత చానో పోసో, డిజ్జీ గిలెస్పీ యను సుప్రసిద్ధ జాజ్ విద్వాంసునితో కలసి 1947 సెప్టెంబరు 29న న్యూయార్కులోని కార్నెగీ హాలులో వాయించెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో, ముప్పదిమూడేండ్ల వయస్సుననే, ఆయన న్యూయార్కులో హత్యకు గురియయ్యెను. ఆ స్వల్పకాలమున ఆయన వేసిన ముద్ర మాత్రము జాజ్ సంగీతమున నేటికిని చెరగలేదు.

వేదిక నెక్కినంతనే క్రొత్త చిక్కు కలిగెను. పియానో శ్రుతి మారదు. కాంగా శ్రుతి గడియ గడియకు జారును. దీపకాంతుల నడుమ, తివాచీలు పరచిన శాలలో మంట వేయుట యెట్లు? 1940 దశాబ్ది చివరను, 1950 దశాబ్దిలోను దీనికి పరిష్కారము లభించినది. మేకుల స్థానమున ఒక ఇనుప వలయమును, దానిని క్రిందికి లాగుటకు మరలు గల కొక్కెములను అమర్చిరి. ఈ మార్పునకు కారకులలో కార్లోస్ ‘పటాటో’ వాల్దేస్ (1926–2007) పేరును పలువురు చెప్పుదురు. ఇక రెంచి త్రిప్పినచో శ్రుతి హెచ్చును, తగ్గును. ఈ సౌకర్యమువలననే కాందిదో కమేరో (1921–2020) మూడు కాంగాలను మూడు స్వరములకు నిలిపి ఒక్కడే వాయింపగలిగెను.

తోలు మార్చు విధము

మరలు వచ్చుటచే తోలు మార్చుట వాద్యకారుని చేతిలోని పని యయ్యెను. ఆ విధము సంగ్రహముగ నిట్లుండును. మొదట మరలన్నిటిని కొంచెము కొంచెముగ, వరుసగ వదులు చేయవలెను. ఒక్కప్రక్కనే విప్పినచో వలయము వంకర పోవును. పాత తోలు తీసి, కొయ్య అంచును తుడిచి, పగులున్నచో సరిచేసి, కొంచెము మైనము రాయుదురు. క్రొత్త తోలు ఊనినది కాక, వెండ్రుకలు తీసి ఎండించిన పచ్చితోలు. ఆవుది, కోడెది, గేదెది లేక కంచరగాడిదది. దానిని చల్లని నీట మెత్తబడువరకు నానబెట్టుదురు. దళసరి తోలునకు ఒక రాత్రియంతయు పట్టవచ్చును. వేడినీరు కూడదు, తోలు ఉడికి పాడగును.

నానిన తోలుపై పశువుయొక్క వెన్నెముక గుర్తు సన్నని చారగ కనబడును. ఆ చార ముఖము నడుమగ వచ్చునట్లు పరచినచో రెండు ప్రక్కల బిగువు సమముగ నుండును. పిదప లోపలి వలయమును పెట్టి, తోలు అంచులను దానిపైకి మడచి, పై వలయమును దించి, మరలను చేతితో మాత్రము బిగింతురు. పటకారుతో అంచులను చుట్టును లాగుచు ముడుతలు తీయుదురు. ఆరునప్పుడు తోలు తానే బిగియును గనుక, ముందుగనే మిక్కిలి బిగించిన చినుగును. నీడలో రెండు మూడు దినములు ఆరనిచ్చి, తరువాత క్రమముగ శ్రుతిచేసి, మిగిలిన అంచును కోయుదురు. ఎండలో పెట్టి తొందరపడువానికి ఫలితము పగిలిన తోలే.

శాస్త్రరీత్యా చూచిన, ఒకే తోలు బిగువును 4 రెట్లు చేసినచో శ్రుతి 2 రెట్లగును. కనుక శ్రుతి హెచ్చిన కొలది కొయ్యపైనను, ఇనుముపైనను పడు భారము విపరీతముగ పెరుగును. వాయించుట ముగియగనే మరలను వదులు చేయుమని పెద్దలు చెప్పుట ఇందులకే.

కొరత, క్రొత్త పదార్థములు

1962లో అమెరికా ప్రభుత్వము క్యూబాతో వర్తకమును నిషేధించినది. హవానా వాద్యములు న్యూయార్కునకు వచ్చుట ఆగినది. ఆ కొరతను గమనించి మార్టిన్ కోహెన్ యను ఇంజనీరు 1964లో ‘లాటిన్ పెర్కషన్’ సంస్థను స్థాపించెను. గాజునారతో చేసిన కాంగాలు బయలుదేరెను. ఇంతకు ముందే, 1950 దశాబ్ది మధ్యమున, పాలియెస్టరు పొరతో చేసిన ముఖములు పాశ్చాత్య డ్రమ్ములకు వచ్చి యుండెను. కాలక్రమమున అట్టివి కాంగాకును వచ్చెను. వానకు సడలవు, ఎండకు బిగియవు. అయినను చేతి స్పర్శకు తోలు పలుకునట్లు ఇవి పలుకవని భావించి తోలునే కోరువారు నేటికిని కలరు.

మనకు ఇందలి పాఠము

మన మృదంగమునకు కుడిముఖమున నల్లని కరణ, ఎడమముఖమున తడిపిన రవ్వ కాంగాకు లేని విశేషములు. ఆ నాదరహస్యమును శాస్త్రలోకమునకు వెల్లడించిన సి. వి. రామన్ 1907 నుండి 1917 వరకు కేంద్రప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగిగా నుండి, ఆఫీసు వేళల వెలుపల పరిశోధనలు సాగించిన మహనీయుడు. భారతీయ మృదంగముల గూర్చి ఆయన వ్యాసము 1920లో ‘నేచర్’ పత్రికలో వెలువడినది. కాని ఆయన పరీక్షించిన తోళ్లను కోసి, పొరలు పేర్చి, కరణ రుద్దినవారి పేర్లు మనలో నెందరికి తెలియును? డప్పును కట్టి, కాచి, వాయించు మాదిగ కళాకారులను ఊరి పొలిమేరలోనే నిలిపి, ఆ డప్పులేనిదే జాతర జరుపుకొనని సమాజము మనది. మృదంగ నిర్మాతల జీవితములను గూర్చి టి. ఎం. కృష్ణ రచించిన గ్రంథము వెలువడుటకు 2020 వరకు వేచి యుండవలసి వచ్చినది.

క్యూబాలో ఒకనాడు నిషిద్ధమైన వాద్యము నేడు ఆ దేశపు కీర్తిపతాక. దానిని నిలిపినవారు మేకులు కొట్టినవారు, మంట కాచినవారు, పెట్టెలు బోర్లించి వాయించినవారు. సభలో మృదంగవిద్వాంసుని సత్కరించునప్పుడు, ఆ వాద్యమునకు తోలు మూసిన శిల్పిని గూడ పేరుపెట్టి పిలిచి, వేదికపై ప్రక్కనే ఆసనమిచ్చుట మన సాంస్కృతిక సంఘములకు అసాధ్యము కాదు. నాదమును మెచ్చు రసికులకు అది విధి కూడ.